ఎవరూ అడగని రంగు

తొమ్మిదో భాగం

పోయిన వారం డాక్టర్ మాలతిని, పసిబిడ్డ చొక్కా పైకెత్తిన చేత్తో అలాగే నిలబెట్టి మనం వెళ్ళిపోయాం. ఈ కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆ చెయ్యి దింపుతాను.

పుంగనూరులో మాలతిది చిన్న క్లినిక్. అన్ని జబ్బులకూ ఆవిడే డాక్టరు. రోజా అనే అమ్మాయి తొలి కాన్పుకని కుప్పం నుంచి పుట్టిల్లు మేకలవారిపల్లెకు వచ్చింది. ఆడబిడ్డ పుట్టింది. పదహారో రోజున కళ్ళు పచ్చగా ఉన్నాయని తెచ్చి చూపిస్తే, "తల్లిపాల కామెర్లు. పొద్దుటి ఎండ చూపించండి, ఏమీ లేదమ్మా" అని మాలతి పంపేసింది. ఇవాళ నలభై ఎనిమిదో రోజు. రోజా, ఆమె తల్లి చిన్నక్క బిడ్డను మళ్ళీ తెచ్చారు. పసుపు పోలేదు. చొక్కా ఎత్తితే బొడ్డు చుట్టూ ఐదు కాల్చిన వాతలు కనిపించాయి.

"ఎవరు పెట్టింది ఇవి?"

మాలతి ఊరు కలికిరి. చదువుకున్న తెలుగు మాట్లాడుతుంది గానీ, కోపమొస్తే ఆ చదువంతా ఎటో పోతుంది.

"మిమ్మల్నే అడగతాండాను. నలభై ఎనిమిది దినాల బిడ్డ ఇది. మనిషి చేసే పనేనా?"

రోజా వెక్కుతూ తల్లి వైపు చూసింది. చిన్నక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు, కాళ్ళమీదా పడలేదు. గేదెలూ ఆవులూ మేపి, పాలు పిండి బతికిన మనిషి. చేతులు రెండూ కడుపు దగ్గర కట్టుకుని నిలబడింది.

"మా ఊళ్ళో వాతలు పెట్టే మారప్పతో నేనే పెట్టిస్తి తల్లీ. పసుపుకొమ్ము కాల్చి పెట్టినాడు. నాలుగు దినాలాయ. రోజాను ఏమీ అనొద్దండి. అది నిద్దరపోతా ఉంటే బిడ్డను ఎత్తుకుపోతి."

"ఎందుకు పెట్టించావు?"

"కామెర్లకు పెడతారు గదా. మాకు చిన్నప్పుడు పెట్టినారు."

"మీకు పెట్టారని బిడ్డకా? ఇదిగో, ఈ బొడ్డు కింద వాత చూడు, చీము పట్టింది. పసిబిడ్డకు ఈ చీము రక్తంలో చేరితే ఏమవుతుందో తెలుసా? పోలీసులకు ఫోన్ చెయ్యమంటావా?"

"చెయ్యండి తల్లీ. ముందర బిడ్డను సూడండి."

మాలతి ఆగలేదు. చదువులేనితనం గురించి చెప్పింది, మూఢనమ్మకాల గురించి చెప్పింది, టీవీల్లో ఇంత చెబుతున్నా ఈ పల్లెలు మారవని చెప్పింది. బయట బెంచీల మీద కూర్చున్న జ్వరాలూ దగ్గులూ కూడా తలుపు వైపు మెడలు చాచాయి. వాకిట్లో టోకెన్లు ఇచ్చే సుశీలమ్మ తలుపు సందులోంచి తొంగి చూసి, మేడం చెప్పినదానికల్లా తల ఊపుతోంది.

నిజం చెప్పాలంటే ఆ తిట్టడం మాలతికి హాయిగానే ఉంది. చీము పట్టిన వాతను తిడుతున్నంతసేపూ పచ్చని కళ్ళ జోలికి పోనక్కర్లేదు. నలభై ఎనిమిదో రోజున కళ్ళలో పసుపు ఎందుకుంది? ఆ ప్రశ్న ఆవిడకు అప్పటికే తట్టింది. పైకి రానివ్వకుండా తిడుతోంది, అంతే.

"మా ఆయనకు పొద్దున్నే ఫోన్ చేస్తిని మేడం" అంది రోజా, ముక్కు తుడుచుకుంటూ. "కుప్పం నుంచి బండిలో వస్తాండాడు. మదనపల్లెలో ఉండే మా వదిన అమరావతి, మా ఆయన అక్క, ఈ నెలంతా అంటానే ఉండాది, ఆడ ఒకాయన కామెర్లకు పసరు ముక్కులో పోస్తాడంట, బేస్తవారం, ఆదివారం పోస్తాడంట, బిడ్డను తీసకరా అని. నేనే వద్దంటి. డాక్టరమ్మ ఏమీ లేదనింది గదా, ఏమీ కాదు అంటి. మీ మాట మిందనే ఉంటిని."

"మంచి పని చేశావు. ఆ పసరు గనక పోసుంటే ఈ పాటికి..." అని మాలతి మాట మధ్యలో ఆపేసింది. మీ మాట మిందనే ఉంటిని. ఆ మాట ఎక్కడో సూదిలా దిగింది.

అప్పుడు చిన్నక్క భుజానికున్న సంచి తీసింది. అందులోంచి ఒక కవరు, ఆ కవర్లోంచి ఇంకో కవరు, దాన్లోంచి నాలుగు మడతలు పెట్టిన పాత చీర ముక్క తీసి బల్ల మీద విప్పింది. సుశీలమ్మ "అయ్యో, గలీజు, ఆడ పెడతావేం" అంటూ లోపలికి రాబోయింది. మాలతి చెయ్యెత్తి ఆపింది.

ఎర్ర చీర ముక్క మీద బిడ్డ దొడ్డికి పోయిన ముద్ద ఉంది. పసుపు లేదు, ఆకుపచ్చ లేదు. తడిపిన సున్నం రంగులో ఉంది.

మాలతి కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. ఆ రంగు పుస్తకంలో చూసింది. పీజీ చెయ్యకపోయినా, పిల్లల వార్డులో ఆరు నెలలు చేసినప్పుడు ఒక్కసారి చూసింది. ఆ రంగును మర్చిపోకూడదని ఆ రోజు చెప్పిన ప్రొఫెసర్ గొంతు కూడా గుర్తుంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"పది, పన్నెండో దినం నుంచి. మొదట్లో పచ్చగానే పొయ్యింది. రాన్రానూ ఎలిసిపోతా వచ్చి, ఇట్లయిపాయ."

"రోజా, నువ్వు చూడలేదా?"

"నాకేం తెలుసు మేడం, బాలింతను నీళ్ళల్లో చెయ్యి పెట్టనియ్యరు. తడిస్తే మాయమ్మ గుడ్డ లాక్కోని ఎత్తుకపోతాది. ఒకటి రెండు మాట్లు సూస్తి. పాలు తాగే బిడ్డకు పాల మాదిరే ఉంటాది అన్నారు పక్కింటోళ్ళు."

"మరి నువ్వు చూశావు కదమ్మా!" మాలతి చిన్నక్క మీదికి తిరిగింది. "రోజూ ఉతుకుతున్నావు. నాకు ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్పేదానికే వస్తి తల్లీ."

చిన్నక్క గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మాలతికి సులువుగా ఉండేది.

"పదహారో దినం బిడ్డతో పాటు నేనూ వస్తి. ఇట్నే రెండు కవర్లలో కట్టుకోని వస్తి. వాకిట్లో ఆయమ్మ ఆపేసె. ఒక రోగికి తోడు ఒక మనిషే లోపలికి, బోర్డు సూడలేదా అనె. గుడ్డ సూపించాల తల్లీ అంటే, గలీజు గుడ్డలు లోపలికి యాల, మేడం తిడతాది అనె. సరేలే, రోజా చెప్తాదిలే అనుకోని బెంచీ మింద కూచ్చుంటి. బయటికి వచ్చినాక అడిగితి, చెప్పినావా అని. మోషన్ బాగా అవుతాందా అనింది మేడం, అవుతాందంటి, అనె ఇది. అవును, అవుతానే ఉండాది. రోజుకు మూడు మాట్లు అవుతాది."

సుశీలమ్మ తల ఊపడం మానేసింది. ఆ బోర్డు కరోనా రోజుల్లో మాలతి దగ్గరుండి రాయించింది. కరోనా పోయింది, బోర్డు పోలేదు.

"ఉతికేది నేను. ఎప్పుడు తడిపింది, ఎంత తడిపింది, ఏ రంగు, అంతా నాకు తెలుసు. నన్నెవురూ అడగల్యా." చిన్నక్క బిడ్డ పాదం మీద చెయ్యి వేసింది. "మా ఆవుకు బాగలేదని పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, ఆయప్ప మొట్టమొదట అడిగేది పేడ ఏ రంగులో ఉండాది అనే. గొడ్డుకు అడగతారు గదా, బిడ్డకు అడగరా అనుకుంటి. పెద్ద సదువు సదివినోళ్ళకు అడగాల్సిన పని లేదేమోలే, కంటితో సూస్తానే తెలిసిపోతాదేమోలే అనుకుంటి."

 

మాలతి సింకు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. పదహారో రోజు ఎలా గడిచిందో ఇప్పుడు తెరిచిన పేజీలా కనిపిస్తోంది. అరవై టోకెన్లు. అందులో పసిబిడ్డలే పది మంది. ఒకడు పాలు కక్కుతున్నాడు, ఒకతెకు బొడ్డు తడిగా ఉంది, ఒకడి ముక్కు గురగురమంటోంది, ఒకతెకు ఒళ్ళంతా ఎర్ర పొక్కులు. నూటికి తొంభై తొమ్మిది మందికి జవాబు ఒకటే, ఏమీ లేదమ్మా. అది అబద్ధమూ కాదు. పసిబిడ్డలు భయపెట్టినంతగా జబ్బు పడరు. ఆ తొంభై తొమ్మిదీ నోటికి అలవాటైపోయి, నూరో బిడ్డకు కూడా అదే మాట దొర్లిపోయింది. బిడ్డ నుదురు వేలితో నొక్కి పసుపు చూసింది, బరువు చూసింది, పాలు తాగుతోందా అంది, మోషన్ అవుతోందా అంది. రంగు అడగలేదు. మూత్రం గుడ్డకు మరక పడుతోందా అని అడగలేదు. రెండు వారాలు దాటిన కామెర్లకు ఒక రక్త పరీక్ష రాయాలని తెలిసి కూడా, ఎండాకాలం రాకముందే ఎండను మందుగా రాసి పంపేసింది.

ఆ రోజు చెయ్యనివన్నీ ఇప్పుడు చేసింది. బిడ్డను కిటికీ వెలుతుర్లోకి తెచ్చి కళ్ళు చూసింది. కుడి పక్కటెముకల కింద వేళ్ళు ఆనించి మెల్లగా నొక్కింది. కాలేయం మూడు వేళ్ళ మేర కిందికి దిగి, గట్టిగా తగిలింది. అంతలో బిడ్డ ఒంటికి పోసింది. మాలతి తెల్లటి దూది పెట్టి పట్టి చూసింది. దూది ముదురు పసుపు రంగుకు తిరిగింది. పసిబిడ్డ మూత్రం నీళ్ళలా ఉండాలి, గుడ్డ మీద మరక మిగలకూడదు.

రక్తం తీసి, సుశీలమ్మను పక్క వీధి ల్యాబుకు పరుగెత్తించింది. వాతలు శుభ్రం చేసి కట్టు కట్టింది. బిడ్డకు విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చింది. బిడ్డ ఏడ్చింది. ఏడుపు బలంగానే ఉంది, అదొక్కటే ఆ గదిలో మంచి వార్త.

మధ్యాహ్నం పన్నెండున్నరకు రిపోర్టు వచ్చింది. మొత్తం బిలిరుబిన్ పదకొండు. అందులో డైరెక్ట్ అనేది ఎనిమిది. తల్లిపాల కామెర్లలో ఆ రెండో అంకె ఒకటి దాటదు.

మాలతి లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుని బెంగళూరుకు ఫోన్ చేసింది. అక్కడి పిల్లల సర్జన్ రాజేంద్ర, కాలేజీలో ఆవిడకు సీనియర్. మాట తక్కువ మనిషి. అంకెలు విన్నాడు, ఆవిడ తీసి ఉంచిన గుడ్డ, బిడ్డ ఫోటోలు పంపమన్నాడు. 

"పైత్యరసం దిగే గొట్టం మూసుకుపోయిందనే అనుకోవాలి. స్కాన్ చేస్తే గానీ ఖాయంగా చెప్పలేను. ఎన్నో రోజు?"

"నలభై ఎనిమిది."

"అరవై లోపు ఆపరేషన్ చేస్తే ఆశ ఉంటుంది మాలతీ. దాటేకొద్దీ కాలేయం గట్టిపడిపోతుంది, కోసినా లాభం తగ్గిపోతుంది. అసలు చెయ్యకపోతే రెండో పుట్టినరోజు చూడదు. రేపు పొద్దున ఎనిమిదికి నా ఓపీలో ఉండాలి. పొట్ట మీద ఆ కట్టేమిటి?"

"వాతలు. ఒకదానికి చీము."

"గోరుచుట్టు మీద రోకటిపోటు. అది తగ్గకుండా అక్కడ కత్తి పెట్టలేను. అంటే చేతిలో ఉన్న పన్నెండు రోజుల్లో నాలుగైదు దానికే పోతాయి. ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదా ఈ బిడ్డను?"

మాలతి తలుపు వేసుందో లేదో ఒకసారి చూసుకుంది.

"పల్లె వాళ్ళు సార్. వాతలు పెట్టించుకుని కూర్చున్నారు" అంది.

అబద్ధం కాదు. నిజమూ కాదు. ఫోన్ పెట్టేశాక ఆవిడ తన చేతులు తానే చూసుకుంది. ఎంత తేలికగా వచ్చేసింది ఆ మాట! ఐదు వాతలు ఎదురుగా కనిపిస్తుంటే, పదహారో రోజు చీటీ ఎవరు అడుగుతారు? బెంగళూరులో ప్రతి డాక్టరూ చొక్కా ఎత్తి చూస్తాడు, "అయ్యో, ఈ ముసలివాళ్ళు" అంటాడు. ఆ మాటతో కథ అయిపోతుంది. రాజేంద్రకు ఉత్తరం రాస్తూ "వాతల కారణంగా ఆలస్యం" అన్నచోట పెన్ను కాసేపు ఆగింది. ఆగింది గానీ కొట్టెయ్యలేదు.

ఒంటిగంట దాటాక నరేష్ వచ్చాడు. కుప్పంలో గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. హెల్మెట్ చేతిలోనే ఉంది, బూట్ల మీద తెల్లటి రాతిపొడి. బిడ్డ కట్టు, దాని అంచున కనిపించిన వాత చూశాడు. ఎవరూ చెప్పకముందే అత్తవైపు తిరిగాడు.

"కాల్చినావా అత్తా? నా బిడ్డను కాల్చినావా?"

"అల్లుడా..."

"పిలవొద్దు నన్ను! నేనాడ రాళ్ళల్లో సస్తా, దినామూ ఫోన్‌లో బిడ్డ ఎట్లుండాది, ఎట్లుండాది అంటాంటే, బాగుండాది, బాగుండాది అంటిరి. ఇదేనా బాగుండేది? రోజా, పద. ఇంగ మీ ఇంటి గడప తొక్కితే నన్నడుగు. ఈయమ్మ నీడ బిడ్డ మింద పడకూడదు, చెప్తాండా."

చిన్నక్క గుడ్డ సంగతి చెప్పుకోలేదు, బోర్డు సంగతి చెప్పుకోలేదు. కవర్లో మడిచిన చీర ముక్కను రెండు చేతులతో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

మాలతి అతణ్ణి కూర్చోమంది. జబ్బేమిటో చెప్పింది. కాలేయంలో తయారయ్యే పైత్యరసం పేగులోకి దిగాలి, దానివల్లే దొడ్డికి రంగు వస్తుంది, ఆ దారి మూసుకుపోయినట్టుంది, అందుకే దొడ్డి తెల్లగా పోతోంది, ఒళ్ళు పచ్చబడుతోంది. ఆపరేషన్ ఒక్కటే దారి, అదీ పన్నెండు రోజుల్లోపు; లేకపోతే బిడ్డ దక్కదు. రేపు ఎనిమిదికల్లా బెంగళూరులో ఉండాలి. కుప్పం నుంచి తెల్లారి రైలు పట్టుకుంటే అందుతారు. అక్కడి సర్జన్ తన సీనియరే, ఉత్తరం కూడా సిద్ధంగా ఉంది.

నరేష్ కళ్ళనిండా నీళ్ళు. ఫ్యాక్టరీలో నలభై మందిని అదిలించే మనిషి, బిడ్డ అరికాలు బొటనవేలితో రాస్తూ అడిగాడు.

"డాక్టరమ్మా, ఒక్క మాట చెప్పండి. ఇదంతా ఈ వాతల వల్లనే గదా? ఈయమ్మ కాల్చబట్టే గదా నా బిడ్డకు ఇట్లయింది?"

అవును అంటే చాలు. ఆ ఒక్క మాటతో అతను ఉత్తరం తీసుకుని, ఆవిడకు దండం పెట్టి, బెంగళూరు వెళ్ళిపోతాడు. బిడ్డకు వైద్యం అందుతుంది. మాలతి పేరు నిలుస్తుంది. పోయేదల్లా గోడకు ఆనుకున్న ఒక పల్లెటూరి ఆవిడ మొహమే. చిన్నక్క మాలతిని చూస్తోంది. వేడుకోలు లేదు ఆ చూపులో. అవుననే అంటుందని ముందే తెలిసినట్టు, దానికి సిద్ధపడ్డట్టు చూస్తోంది. ఆ సిద్ధపడడమే మాలతి తట్టుకోలేకపోయింది.

"కాదు" అంది.

నరేష్ తలెత్తాడు.

"వాతలు తప్పే. అవి బిడ్డకు చేటే చేశాయి. కానీ ఈ జబ్బు వాటివల్ల రాలేదు. ఆ వాతలకు నాలుగు రోజులు. అంతకు ఎంతో ముందే, ఇవాళ్టికి ముప్పై రెండు రోజుల కింద, ఈ బిడ్డ ఇదే బల్ల మీద ఉంది. అప్పటికే దొడ్డి రంగు మారింది. నేను అడగలేదు. పరీక్ష రాయాల్సింది, రాయలేదు. మీ అత్త ఆ రోజే ఇలాంటి గుడ్డ పట్టుకుని నా వాకిట్లో కూర్చుంది. లోపలికి రానివ్వని బోర్డు నాది. తప్పు నాది నరేష్."

మాలతికి ఒక్కసారిగా ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. నిజం చెప్పేసినవాళ్ళందరికీ అలాగే అనిపిస్తుంది. దాని బరువు అవతలివాళ్ళ నెత్తిన పడిందని వాళ్ళకు కాసేపటికి గానీ తెలీదు.

నరేష్ అరవలేదు. రోజా సంచిలోంచి, ఆమె దాచిన పదహారో రోజు చీటీ తీశాడు.  కూడబలుక్కుంటూ చదివాడు.

"మోషన్స్, నార్మల్." కాగితం బల్ల మీద పెట్టాడు. "సూడకుండానే రాసినారా?"

"అవును."

"ఆ దినం ఏమీ లేదంటిరి. నమ్మితిమి. ఈ దినం కడుపు కొయ్యాల, పన్నెండు దినాలే ఉండాయి, లేకుంటే సస్తాది అంటాండారు. ఇది మాత్రం సూసే చెప్తాండారని నేను యాల నమ్మాల?"

"నరేష్, నన్ను నమ్మొద్దు. బెంగళూరు డాక్టరును నమ్ము. రిపోర్టు చూడు, అంకెలు..."

"ఆయప్ప ఎవురు? మీ సీనియరే గదా." అతను లేచాడు. "మా అక్క నెల దినాలుగా మొత్తుకుంటాండాది. రోజా, నువ్వు ఈయమ్మ మాట మింద ఉంటివి. ఉండి బిడ్డను ఇట్ల చేసుకుంటివి. ఇంగ నా మాట మింద ఉండు. ఎత్తుకో బిడ్డను."

"ఏమండీ, ఆ లెటరన్నా..." అంది రోజా.

"ఎత్తుకో అంటాండా గదా!"

రోజా మాలతిని చూసింది, తల్లిని చూసింది. బిడ్డను గుండెకు అదుముకుని మొగుడి వెనక నడిచింది. చిన్నక్క రెండడుగులు వేసింది.

"నువ్వు రావద్దత్తా" అన్నాడు నరేష్, వెనక్కి తిరక్కుండానే. కోపం లేదు ఆ గొంతులో, అలసట తప్ప.

బయట బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. మాలతి ఉత్తరం చేత్తో పట్టుకుని వాకిలి దాకా పరుగెత్తింది. అరవై మంది చూస్తుండగా డాక్టరమ్మ చెప్పులు లేకుండా రోడ్డు మీద నిలబడింది. బండి మలుపు తిరిగిపోయింది. నరేష్ నంబరుకు చేస్తే రింగవుతుండగానే కట్టయింది. రోజా నంబరుకు చేసింది. ఆ ఫోన్ లోపల చిన్నక్క సంచిలోనే మోగింది.

గదిలోకి తిరిగి వచ్చేసరికి చిన్నక్క బల్ల దగ్గర నిలబడి ఉంది. చదువు రాదు. అయినా బల్ల మీద పదహారో రోజు చీటీని చూస్తోంది.

"వాడు మంచోడే తల్లీ. కోపం దిగినాక ఇంటాడు" అంది. "కుప్పం పోనీండి. రాత్రికి నేనూ బస్సెక్కి పోతాను. ఆ లెటరు నాకియ్యండి. కాళ్ళు పట్టుకోనన్నా ఒప్పిస్తాను."

మాలతి ఉత్తరంలో "వాతల కారణంగా ఆలస్యం" అన్న మాట కొట్టేసింది. పక్కన, "పదహారో రోజున నేను చూశాను, గుర్తించలేదు" అని రాసి సంతకం పెట్టింది. కుప్పం. సరే. సాయంత్రానికి కుప్పం చేరుకుంటే, తెల్లారి రైలు ఇంకా ఉంది. దారి పూర్తిగా మూసుకుపోలేదు.

అప్పుడు సుశీలమ్మ లోపలికి వచ్చింది.  చేతిలో, వాకిట్లోంచి పీకిన బోర్డు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక గోడకు తిప్పి ఆనించింది.

"మేడం, నేను సర్కిల్ దాకా ఉరికితి, బండి ఆపుదామని. అందలేదు." ఆయాసంగా అంది. "వాళ్ళు కుప్పానికి పోలేదు మేడం. పలమనేరు రోడ్డు ఎక్కకుండా, మదనపల్లె రోడ్డు పట్టినారు."

మాలతికి ముందు అర్థం కాలేదు. మదనపల్లెలో ఏముంది? గోడ మీది క్యాలెండరులో ఇవాళ్టి గురువారం వైపు ఊరికే చూసింది. అరవైలోంచి నలభై ఎనిమిది తీసేస్తే ఎంతో మళ్ళీ లెక్కపెట్టుకుంటున్నట్టు చూసింది.

చిన్నక్కకు ముందే అర్థమైంది. చీర ముక్క ఆమె చేతుల్లోంచి జారి నేల మీద విప్పుకుంది.

"అమరావతి కాడికి" అంది. "పసరుకు పోతాండాడు. ఈ దినం బేస్తవారం తల్లీ."